ఎక్కడి నుంచి లెక్కపెట్టాలి?

నాకు లెక్కలంటే చిన్నప్పటి నుంచీ భయం. పదో తరగతిలో ఎలాగో గట్టెక్కి, ఆ సాయంత్రమే గుళ్ళో కొబ్బరికాయ కొట్టి, ఇక ఈ జన్మకి అంకెల జోలికి వెళ్ళనని ఒట్టు పెట్టుకుని ఆర్ట్స్‌లో చేరినదాన్ని. ఇప్పటికీ పాలవాడు నెలాఖరున ఎంత చెబితే అంత ఇచ్చేస్తాను. నా నవలల్లో కథానాయిక ఒక అధ్యాయంలో ఇరవై నాలుగేళ్ళది, మూడు అధ్యాయాలు పోయాక ఇరవై రెండేళ్ళది అవుతుందని పాఠకులు ఉత్తరాలు రాసిన సందర్భాలూ ఉన్నాయి. నవ్వకండి, నిజం!

అలాంటి నేను ఈ మధ్య ఒక మధ్యాహ్నమంతా హాల్లో నేలమీద చతికిలబడి ముప్ఫై గింజల్ని గుండ్రంగా పేర్చుకుని, ఒకటీ రెండూ అని లెక్కపెడుతూ గడిపానంటే, దానికి కారణం నా మేనకోడలు.

మా చిన్నన్నయ్య కూతురది. జపాన్‌లో, క్యోటో నగరంలో పరిశోధన చేస్తోంది. దేనిమీదే అని అడిగితే "లెక్కల ఆటలూ, ఇళ్ళల్లో వాడుకునే మాటలూ" అంది. ఇదేం పరిశోధన, దీనికి డబ్బులిచ్చి చదివించే పుణ్యాత్ములు కూడా ఉంటారా అనుకున్నాను. పైకి అనలేదు లెండి. ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తుంది. దాని నానమ్మ నా దగ్గర ఉన్న నెలల్లో అయితే ప్రతి ఆదివారమూ చేస్తుంది.

అది చెప్పే సంగతులు మొదట్లో వంట చేసుకుంటూ వినేదాన్ని. తర్వాత తర్వాత స్టవ్ ఆపేసి వినడం మొదలుపెట్టాను.

జపాన్ వాళ్ళకి ఊరికే ఒకటి, రెండు, మూడు అంటే సరిపోదట. పెన్సిళ్ళకి ఒక లెక్క, కాగితాలకి ఒక లెక్క, పుస్తకాలకి ఒక లెక్క. సన్నగా పొడుగ్గా ఉన్నవాటికి చివర ఒక మాట తగిలిస్తే, పల్చగా పరిచినట్టుండేవాటికి మరొకటి. పిల్లికి ఒక మాట, ఏనుక్కి వేరే మాట. కుందేళ్ళని మాత్రం పక్షుల్ని లెక్కపెట్టే మాటతో లెక్కపెట్టడం ఆనవాయితీ! ఎందుకని అడిగితే నాలుగు రకాల కథలు చెబుతారట. ఇక మనుషుల దగ్గరికొస్తే, ఒక్కరైతే "హితోరి", ఇద్దరైతే "ఫుతారి", ముగ్గురైతే "సాన్‌నిన్".

"అబ్బ, ఎంత కష్టమే" అన్నాను.

"ఏం కష్టం అత్తా? మనం మాత్రం రెండు మనుషులు అంటామా? ఇద్దరు అనమూ? రెండు పిల్లలు అంటే పిల్లి పిల్లలు, ఇద్దరు పిల్లలు అంటే మన పిల్లలు" అంది.

నాకు తల తిరిగినట్టయింది. నలభై ఏళ్ళు దాటి తెలుగు మాట్లాడుతూ, ఇరవై ఏళ్ళుగా తెలుగులో రాసుకుని బతుకుతూ, ఈ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు నాకు. గిన్నెలు రెండు, గేదెలు రెండు, మనుషులు మాత్రం ఇద్దరు. ఎవరు పెట్టారో గానీ, మనిషిని వస్తువుతో కలిపి లెక్కపెట్టకూడదని మన భాష ఎప్పుడో ఒక గీత గీసి పెట్టింది.

అంకెల మీద భయాలు కూడా ఒక్కలాగే ఉన్నాయి. వాళ్ళకి నాలుగుని "షి" అంటారు, చావుకీ అదే మాట. తొమ్మిదికి ఉన్న ఒక పేరు "కు", బాధ అన్నా అదే. అందుకని కొన్ని ఆసుపత్రుల్లో నాలుగో నంబరు గదీ తొమ్మిదో నంబరు గదీ ఉండవట. నేను వెంటనే మా తాతయ్య ధాన్యం కొలిపించడం చెప్పాను దానికి. మొదటి కుంచం పోస్తూ ఒకటి అనరు, "లాభం" అంటారు. ఏడు అంటే ఎక్కడ ఏడవాల్సొస్తుందోనని "ఆరున్నొకటి" అంటారు. మనం ఏడుపుని ఆరున్నొక్కరాగం అని ఎగతాళి చేసేది అందుకే కదా. అది ఫోన్లోనే గబగబా రాసుకుంది. పరిశోధనలో నా పేరు కూడా వేస్తానంది. నా లెక్కల మేష్టారు బతికుంటే బాగుండును!

ఆటలోంచి వంటింట్లోకి వచ్చిన మాటలు ఎన్నో ఉన్నాయట వాళ్ళకి. "దమే" అనే మాట జపాన్ తల్లి రోజుకి యాభైసార్లు అంటుందట, "వద్దు, కుదరదు, అలా చెయ్యకు" అని. ఆ మాట "గో" అనే నల్లరాళ్ళ, తెల్లరాళ్ళ ఆటలోంచి వచ్చింది. ఆ పలక మీద ఎవరు రాయి పెట్టినా ఎవరికీ లాభం లేని చోటుని దమే అంటారు. ఇంకొకటి "సుతేఇషి". ఆటలో తర్వాత వచ్చే లాభం కోసం కావాలని వదిలేసుకునే రాయి. ఇప్పుడు ఆ మాటని మనుషులకి కూడా వాడతారు. నలుగురి బాగు కోసం ఒకరు బలైపోతే ఆ మనిషి సుతేఇషి. నేను మనసులో ఒక నలుగురు ఆడవాళ్ళ పేర్లు చెప్పుకున్నాను, మీరూ చెప్పుకునే ఉంటారు.

ఇవన్నీ సరదా కబుర్లు. అసలు సంగతి దాని తర్వాతి ఆదివారం వచ్చింది.

1627లో క్యోటోలో యోషిదా మిత్సుయోషి అనే ఆయన "జింకోకి" అని ఒక లెక్కల పుస్తకం వేశాడు. పూసల చట్రం మీద కూడికలు, వడ్డీ లెక్కలు, పొలం కొలతలు, ఇలా సంసారికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. బొమ్మలతో సహా అచ్చయి, మళ్ళీ మళ్ళీ సవరణలతో వచ్చి, ఆ తర్వాత తరతరాల జపాన్ పిల్లలు లెక్కలు నేర్చుకున్నది దాంతోనే. పాఠాల మధ్యలో పొడుపుకథల్లాంటి ఆటలు పెట్టాడాయన. పది కొలతల నూనె ఉంది, మీ దగ్గర ఏడు పట్టే పాత్రా మూడు పట్టే పాత్రా ఉన్నాయి, చెరి సగం చెయ్యండి అని ఒకటి. జనవరిలో రెండు ఎలుకలు పన్నెండు పిల్లల్ని పెట్టి, నెలనెలా ప్రతి జంటా అలాగే పెడుతూ పోతే డిసెంబరుకి ఎన్ని అని ఇంకొకటి. జవాబు చెబితే నమ్మరు, 27,682,574,402 ఎలుకలు! ఇంకొక దాంట్లో దొంగలు వంతెన కింద చేరి బట్టల తానులు పంచుకుంటుంటారు. తలా ఎనిమిది తీసుకుంటే ఏడు తక్కువ పడతాయి, తలా ఏడు తీసుకుంటే ఎనిమిది మిగులుతాయి. దొంగలు పదిహేను మంది, తానులు నూట పదమూడు. దొంగలు కూడా సమానంగా పంచుకోవాలని చూడటం నాకు నచ్చింది.

వాటిలోనే ఉంది "మమకోదతే" అనే ఆట. మమకో అంటే సవతి బిడ్డ. సవతి బిడ్డల్ని నిలబెట్టడం అని ఆ మాటకి అర్థం.

కథ ఇది. ఒకాయనకి ముప్ఫై మంది పిల్లలు. పదిహేను మంది మొదటి భార్య పిల్లలు, పదిహేను మంది ఇప్పుడున్నావిడ పిల్లలు. ఆస్తికి వారసుడు ఒక్కడే కావాలి. ఇల్లాలు ముప్ఫై మందినీ చెరువు చుట్టూ గుండ్రంగా నిలబెట్టి, నేను ఇక్కడి నుంచి లెక్కపెడతాను, పదోవాడు తప్పుకోవాలి, మళ్ళీ అక్కడి నుంచి పది, ఆ పదోవాడు తప్పుకోవాలి, ఆఖరికి మిగిలినవాడికే ఆస్తి అంటుంది. ఎవరికీ అభ్యంతరం లేదు. పది అంటే పదే కదా, అందరికీ ఒకే నియమం. లెక్క మొదలైంది. మొదటి పదోవాడు సవతి బిడ్డ. రెండో పదోవాడూ సవతి బిడ్డే. అలా ఒకటి కాదు రెండు కాదు, వరసగా పద్నాలుగు మంది సవతి బిడ్డలే తప్పుకున్నారు. ఆవిడ పిల్లల్లో ఒక్కడు కదల్లేదు! అప్పుడు మిగిలిన ఒకే ఒక్క సవతి బిడ్డ "అమ్మా, ఇది మరీ ఒకవైపే పోతోంది. ఇక్కడి నుంచయినా నాతో మొదలుపెట్టి లెక్కపెట్టు" అంటాడు. ఆవిడ సరేనంటుంది. వాడితో మొదలుపెట్టి, అదే వైపుగా, అదే పది లెక్కపెడితే... ఆవిడ పిల్లలు పదిహేను మందీ ఒకరి తర్వాత ఒకరు తప్పుకున్నారు. సవతి బిడ్డ మిగిలాడు.

నేను నమ్మలేదు. కథలు అల్లేదాన్ని కదా, ఇంకొకరి అల్లిక మీద అనుమానం ఎక్కువ. నువ్వే చేసి చూడత్తా అని ఆ పిల్ల వరస చెప్పింది. మీక్కూడా చెబుతాను, కాగితం మీద రాసుకోండి. ఆవిడ పిల్లలు రెండు, సవతి పిల్లలు ఒకటి, మళ్ళీ ఆవిడవి మూడు, సవతివి అయిదు, అలా మార్చి మార్చి రెండు, రెండు, నాలుగు, ఒకటి, ఒకటి, మూడు, ఒకటి, రెండు, రెండు, ఒకటి. (చూశారా, గింజలు కాబట్టి రెండు, మూడు అంటున్నాను. పిల్లలని గుర్తుంటే ఇద్దరు, ముగ్గురు అనేదాన్ని.)

ఆవిడ పిల్లలకి చింతపిక్కలు, సవతి పిల్లలకి గవ్వలు పెట్టాను. అమ్మ సోఫాలో కూర్చుని వత్తులు చేసుకుంటూ చూస్తోంది. పది, గవ్వ. ఇరవై, గవ్వ. ముప్ఫై, గవ్వ. నా చేత్తో నేనే పద్నాలుగు గవ్వలు తీసేశాను. పదిహేను చింతపిక్కల మధ్య ఒక్క గవ్వ తెల్లగా బిక్కుబిక్కుమంటూ మిగిలింది. అప్పుడు గమనించాను, ఆ పిల్లాడు నోరెత్తకపోతే తర్వాతి పదోవాడు వాడే. వాడితో మొదలుపెట్టి మళ్ళీ లెక్కించాను. ఒక్కొక్క చింతపిక్కే వచ్చేసింది. నా వేలు ఆ గవ్వ మీద నుంచి ఎన్నిసార్లు దాటిందో, ఒక్కసారి కూడా దానిమీద పది పడలేదు.

పదహారు మంది ఉన్నప్పుడు పదేసి లెక్కపెడితే ఎవరితో మొదలుపెడితే వాళ్ళే మిగులుతారట. సెకి తకకజు అని, 1708లో కన్నుమూసిన గొప్ప గణితవేత్త, ఈ తీసివేతల మీద ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే రాశాడట. ఒకరు ఎక్కువైతే మిగిలేవాడి చోటు పది జరుగుతుందనీ, చుట్టు దాటితే చుట్టు తీసెయ్యాలనీ మా మేనకోడలు ఏదో వివరించింది. నాకు సగం అర్థమైంది. అర్థమైన సగం చాలు. ఆ పిల్లాడికి ఈ సంగతి తెలిసే అడిగాడా, లేక కడుపు మండి అడిగితే కలిసొచ్చిందా అన్నది కథలో లేదు.

ఇదే ఆట ఐరోపాలో కూడా ఉంది. అక్కడ చెరువు లేదు, తుఫానులో చిక్కుకున్న ఓడ ఉంది. పదిహేను మంది క్రైస్తవులు, పదిహేను మంది తురుష్కులు. ఓడ తేలికపడాలంటే సగం మంది సముద్రంలోకి పోవాలి. తొమ్మిదేసి లెక్కపెడతారు. ఎవరు పోతారో చెప్పనక్కరలేదు కదా. కథ ఎవరు చెబుతారో వాళ్ళవాళ్ళు ఎప్పుడూ ఒడ్డునే ఉంటారు. అక్కడ పరాయి మతంవాడు, ఇక్కడ పరాయి కడుపున పుట్టినవాడు. అక్కడా ఇక్కడా లెక్కపెట్టేవాళ్ళ చేతులు శుభ్రంగానే ఉంటాయి. "నేనేం చేశాను, తొమ్మిదే కదా లెక్కపెట్టింది?"

నాకు రెండు రోజులు ఈ సవతి తల్లి వదల్లేదు. ఎందుకంటే, ఇలాంటివాళ్ళని నేనూ ఒక అరడజను మందిని సృష్టించాను. అట్లకాడ కాల్చి వాత పెట్టేది ఒకావిడ, పాలలో నీళ్ళు కలిపి పెట్టేది ఒకావిడ. పాఠకులు పళ్ళు నూరుకుంటూ చదివారు. ఆలోచిస్తే, మన పేపర్లు కూడా ఏ ప్రాంతానికి నిధులు తక్కువైనా "సవతి తల్లి ప్రేమ" అనేస్తాయి. జపాన్‌లోనూ ఎవరినైనా పక్కన పెడితే సవతిబిడ్డలా చూశారంటారట. పిండి కలిపేటప్పుడు నీళ్ళలో కలవకుండా ఉండలు కట్టేస్తుంది చూడండి, ఆ ఉండల్ని కూడా మమకో అనే అంటారు. నిండా ముళ్ళున్న ఒక తీగ మొక్కకి "సవతి బిడ్డకి ముడ్డి తుడిచే ఆకు" అని పేరు! మనవాళ్ళకి ఇంకా ఇంత తట్టలేదు, సంతోషం.

కానీ ఈ ఆటలో సవతి తల్లి నా నవలల్లోవాళ్ళలా లేదు. ఆవిడ ఎవరినీ కొట్టలేదు. ఒక్క అబద్ధం ఆడలేదు. తొమ్మిది దగ్గర ఆగి పది అనలేదు. నిలబెట్టే ముందు చేసుకున్నదంతా చేసుకుంది. ఆ తర్వాత అంతా న్యాయమే. నేను పుట్టించిన అట్లకాడ మనుషులు నిజానికి ఏ ఇంట్లోనూ అంత ఎక్కువమంది ఉండరు. ఈవిడ మాత్రం చాలా ఇళ్ళల్లో ఉంటుంది. చదువుకున్నావిడ, మర్యాదస్తురాలు.

మా ఇంట్లో కూడా ఉంది.

2018 జూలైలో నాన్న పోయారు. పన్నెండో రోజు భోజనాలయ్యాక మేం నలుగురం వసారాలో కూర్చున్నాం. విజయవాడ పెద్దన్నయ్య, హైదరాబాదు చిన్నన్నయ్య, విశాఖపట్నం నేను, బెంగుళూరు తమ్ముడు. అమ్మని ఒంటరిగా ఉంచడం కుదరదు. ఎవరూ నోరు విప్పరు. అప్పుడు నేనే, లెక్కలంటే భయపడే నేనే, మేనల్లుడి నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి గీతలు గీశాను. పన్నెండు నెలలు, నలుగురు పిల్లలు, తలా మూడు నెలలు. ఎంత చక్కగా భాగమైందో! ఎవరికీ ఎక్కువ లేదు, తక్కువ లేదు.

తమ్ముడు "అయితే ముందు నేను తీసుకెళ్తాను. నాతో మొదలుపెట్టి పైకి వెళ్దాం" అన్నాడు. వాడు నాన్నకి ఆఖరి చూపుకి అందలేదు. ఆ బాధ వాడిది.

నేను వేళ్ళమీద లెక్కపెట్టాను. ఒక్క క్షణం పట్టింది. వాడితో మొదలుపెడితే వాడికి ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు. పైకి వెళ్తే తర్వాత నేను. నవంబరు, డిసెంబరు, జనవరి. అమ్మకి ఉబ్బసం. కార్తీకం వచ్చిందంటే మొదలై సంక్రాంతి దాకా రాత్రిళ్ళు కూర్చునే నిద్రపోతుంది. పక్కన ఒకరు మేలుకుని ఉండాలి. "అదేం పద్ధతిరా, పెద్దవాడి నుంచి కదా మొదలుపెట్టాలి" అన్నాను. అందరూ అవునన్నారు. పద్ధతి కాదని ఎవరంటారు? పెద్దన్నయ్యకి ఆగస్టు నుంచి, చిన్నన్నయ్యకి నవంబరు నుంచి, నాకు ఫిబ్రవరి నుంచి. అమ్మ కోలుకుని, నవ్వుతూ, మామిడికాయలొస్తే నాకు ఆవకాయ కలిపిపెట్టే నెలలవి. "ఎంత బాగా తేల్చావే" అని పెద్దన్నయ్య నన్ను మెచ్చుకున్నాడు కూడా.

అమ్మ అప్పుడూ అక్కడే ఉంది. అరుగు మీద కూర్చుని వత్తులు చేసుకుంటోంది. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

ఏడు చలికాలాలు హైదరాబాదులో చిన్నవదిన రాత్రిళ్ళు మేలుకుంది. 2020లో లాక్‌డౌన్ వచ్చి అమ్మ నా దగ్గర రెండు నెలలు అదనంగా ఉండిపోయింది. ఆ రెండు నెలల మాట నేను ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని పేరంటాల్లో చెప్పుకున్నానో మీకు తెలియదు. వదిన తన మాట ఎక్కడా చెప్పుకోలేదు. ఆ కాగితం మీద ఆవిడకీ మూడు నెలలే, నాకూ మూడు నెలలే కదా!

నేను కావాలని చేశానా? ఇన్నేళ్ళూ లేదనే అనుకున్నాను. పెద్దవాడితో మొదలుపెట్టడం పద్ధతి, నేను పద్ధతి చెప్పాను. కానీ వేళ్ళమీద లెక్కపెట్టిన ఆ ఒక్క క్షణం నాకు గుర్తుంది. మనకి కావలసినదేదో ముందు తెలుసుకుని, తర్వాత దానికి సరిపోయే న్యాయాన్ని వెతుక్కోవడం ఎంత తేలికో! వెతికితే దొరుకుతుంది కూడా. ఒక్కోసారి పెద్దరికం, ఒక్కోసారి ఆడపిల్లనన్న మాట, ఒక్కోసారి "నాకు ఉద్యోగం లేదు కానీ రాసుకునే పని ఉంది కదా". నియమం అనేది అబద్ధం కాదు, అందుకే దాని వెనక నిలబడటం అంత హాయిగా ఉంటుంది. నియమాలే వద్దందామా అంటే, అవి లేని ఇళ్ళల్లో మెత్తగా ఉన్న మనిషి మీదే బరువంతా పడుతుందని కూడా చూశాను. ఆ ఇళ్ళల్లో కాగితం గీసుంటే బాగుండునని నేనే సలహా చెప్పాను. చెప్పడమెందుకు, ఇప్పుడైనా చెబుతాను. మొదటి అంకె ఎక్కడ పెట్టాలో మాత్రం, ఎవరికి ఆ లెక్క వల్ల ఏమీ కలిసిరాదో వాళ్ళచేత పెట్టించమంటాను.

ఈ ఆట సంగతి చెప్పిన రోజు మా మేనకోడలు ఆఖర్న "లెక్క ఎప్పుడూ తప్పు కాదత్తా. ఎక్కడ మొదలుపెట్టామన్నదే" అని నవ్వింది. దాని పరిశోధన సంగతే అయి ఉంటుంది. లేక చిన్నప్పుడు, పరీక్షలకి చదువుకుంటూ పక్కగదిలో నానమ్మ దగ్గూ, తల్లి అడుగుల చప్పుడూ విన్న పిల్ల మాటా? నేను అడగలేదు. అది చెప్పలేదు.

సుమారు ఏడువందల ఏళ్ళ కిందట కెంకో అనే సన్యాసి ఈ ఆటనే చావుతో పోల్చాడట. రాళ్ళు పేర్చి లెక్కపెడుతుంటే ఏది పోతుందో తెలియదు, ఒకటి పోతే మిగతావి తప్పించుకున్నాం అనుకుంటాయి, మళ్ళీ మళ్ళీ లెక్కపెడితే ఏదీ మిగలదు అని. పెద్దవాళ్ళ మాటే. కానీ ఆయన సన్యాసి, వంతులు వేసుకోవాల్సిన అవసరం లేదు.

ఆ మధ్యాహ్నం గింజల ముందు కూర్చుని ఉంటే అమ్మ అడిగింది. "ఏమే, ఆ పిల్లాడు అడగడం సరే. ఆవిడెందుకు ఒప్పుకుంది? కాదంటే వాడే కదా పోయేవాడు."

నేను పుస్తకాల మనిషిని కాబట్టి ఏదో చెప్పబోయాను. తనవైపు పదిహేను మంది ఉన్నారు, వాడు ఒక్కడు, ఏం చేస్తాడులే అనుకుని ఉంటుంది అని.

"అదేం కాదు. వాడు అడిగాక కాదనడానికి ఆవిడకి మొహం చెల్లలేదు" అంది అమ్మ. కాసేపాగి "తీసెయ్యి ఆ పిక్కలు, కాలికింద పడితే జారతాం" అంది.

తీస్తూ అడిగాను. "అమ్మా, వచ్చే చలికాలం ఇక్కడుంటావా?"

అమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. వత్తి నలిపి పళ్ళెంలో పెట్టింది. "కార్తీకంలో ఇక్కడుంటే ఒక్కరోజన్నా సముద్రస్నానం చెయ్యొచ్చని ఉండేది. ఎప్పుడూ ఆ నెల నీది కాదు కదా" అంది.

ఆ రాత్రే చిన్నవదినకి ఫోన్ చేశాను. ఈసారి నవంబరు నుంచి అమ్మ నా దగ్గరే ఉంటుందని, ఇక్కడ చలి కూడా తక్కువని, ఏమేమో గబగబా చెప్పాను. ఏడేళ్ళ సంగతి మాత్రం నోటికి రాలేదు. వదిన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను.

"సముద్రస్నానమని అడిగిందా?" అంది చివరికి. "అడుగుతుంది. చన్నీళ్ళు తగలనివ్వకు. ఒక కాగితం తీసుకుని రాసుకో."

చేతికందిన కాగితం తీసుకున్నాను. రాత్రి పదింటికి మందు పీల్చే మిషను. మళ్ళీ రెండింటికి. రెండింటికి అలారం పెట్టుకోవద్దు, ఆ చప్పుడుకి ఉలిక్కిపడి దగ్గు ఎక్కువవుతుంది, మనమే లేవాలి. తలకింద మూడు దిండ్లు, మూడోది అడ్డంగా. ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు. అగరొత్తులు వెలిగించకూడదు, పోట్లాడుతుంది, అయినా వెలిగించకూడదు. పోపు వేసేటప్పుడు ఆ గది తలుపు మూసెయ్యాలి. ఆయాసం వచ్చినప్పుడు పడుకోబెట్టొద్దు, ముందుకి వంచి వీపు రాస్తూ ఉండాలి, మాట్లాడించకూడదు, కానీ మనం మాట్లాడుతూ ఉండాలి...

కాగితం ఒక పక్క నిండిపోయింది. తిప్పి చూస్తే అటువైపు, మధ్యాహ్నం నేను రాసుకున్న ఆట వరస ఉంది. రెండు, ఒకటి, మూడు, అయిదు. వదిన చెబుతూనే ఉంది. ఆ అంకెల మధ్య ఖాళీల్లో రాసుకుంటూ పోయాను.